కౌలుకిచ్చిన నొప్పి

కడలి ఏడుకొండలు నాకు స్వయానా బావమరిది. నా భార్య మంగతాయారు తోడబుట్టినవాడు. వాడు బాగుపడకూడదని నేను శపించను. శపించి లాభం లేదు, ఇప్పటికే బాగుపడిపోయాడు. కాలవగట్టున ఒకప్పుడు నాదైన ముక్కలోంచి తూము వేసుకుని వాడి రొయ్యల చెరువుకి నీళ్ళు తోడుకుంటున్నాడు. పొద్దున్నే అరుగు మీద కూర్చుని పళ్ళు తోముకుంటుంటే ఆ ఇంజను చప్పుడు నా చెవిలోనే పడుతుంది. అది చాలక, మా గోనెలంకలో నలుగురు కలిస్తే చాలు, "బావ కోసం ఏడుకొండలు ఎంత నొప్పి మోశాడండీ, ఈ రోజుల్లో ఎవడు మోత్తాడు" అంటారు. ఎవడు మోశాడో ఎవరు మోశారో నాకు తెలుసు.

నాది కొబ్బరికాయల పని. తోటలు మాట్లాడుకుని, కాయ దింపించి, ఒలిపించి లారీకెక్కిస్తాను. మనుషులు దొరకని రోజున నేనే గునపం పాతుకుని ఒలుస్తాను. అలాంటివాడికి యాభై దాటాక ఒకనాడు మంచం మీంచి లేవబుద్ధి కాలేదు. మర్నాడూ కాలేదు. ఏడాది పొడుగునా కాలేదు. గోడకేసి తిరిగి పడుకునేవాణ్ణి. అన్నం నోట్లో పెట్టుకుంటే సున్నం నమిలినట్టుండేది.

కారణం ఏమిటని ఊరంతా ఆరా తీసింది. అప్పులా? లేవు. కూతురి కాపురమా? లక్షణంగా ఉంది. చేతబడా? నాకు చేయించేంత ఖర్చు ఎవడు పెట్టుకుంటాడు? కారణం లేని దిగులంటే మా ఊరికి నచ్చదు. టీకొట్టు బులిరాజు మంచం దగ్గరికొచ్చి నిష్ఠూరమాడాడు.

"ఏదో ఒకటి చెప్పొచ్చు కదా తాతారావూ. అడిగినోళ్ళకి మేమేం చెప్పుకోవాలి?"

చివరికి మంగతాయారే నన్ను బస్సెక్కించి నర్సాపురంలో మనసు డాక్టరు జోసెఫ్ గారి దగ్గరికి తీసుకెళ్ళింది. ఆయన మాట్లాడించి, మాత్ర రాసిచ్చాడు. ఆ మాత్ర పని చేసింది. ఆ మాట ఒప్పుకోవాలి. కొన్నాళ్ళకి చేపల పులుసు చేపల పులుసులా తగిలింది. ఒకరోజు బులిరాజు జారిపడితే నవ్వొచ్చింది కూడాను.

అయితే దాని వెనకాలే ఇంకోటి వచ్చింది. పిక్కలు, తొడలు, భుజాలు, ఆఖరికి దవడలు. పొద్దున్న లేచేసరికి ఒక్క కాయా ఒలవకుండానే రెండు వేల కాయలు ఒలిచినట్టుండేది. కూలి లేని పని ఎక్కడో నా ఒళ్ళు చేసేసి వస్తోంది. మంగతాయారు కర్పూరం కలిపిన కొబ్బరినూనె రాసింది, ఆముదపాకులు వెచ్చజేసి కట్టింది, ఉప్పుమూట కాపడం పెట్టింది. కాసేపు తగ్గి మళ్ళీ వచ్చేది. మాత్రల అట్టపెట్టెలో మడతలు పెట్టిన కాగితం ఒకటుంటుంది. అది బులిరాజు కూతురు చేత చదివించాను.

"కండరాల నొప్పులు రావచ్చు అని ఉంది బాబాయ్. వస్తాయి అని లేదు."

"రావచ్చు అన్నదానికే ఇంతొస్తే, వస్తాయి అని రాసుంటే నా గతేంటమ్మా?"

ఇంటికొచ్చి మంగతాయారుతో చెప్పేశాను, మాత్ర మానేస్తానని. ఆవిడ గరిటె పక్కన పెట్టింది.

"మీరు మళ్ళీ ఆ గోడకేసి తిరిగి పడుకుంటే నేనేం ఏడవనండి. ఆ గోడ పడగొట్టిత్తాను."

అన్నంత పనీ చేసే మనిషి. అందుకని, ఇలాంటి మాత్రలు వేసుకుని ఒళ్ళునొప్పులు పడేవాళ్ళ కోసం భీమవరంలో ఎవరో డాక్టరమ్మ వెతుకుతోందని తెలిసిన రోజే బయల్దేరాం. ఏడుకొండలు వ్యానులో. వాడు మేత బస్తాలకి వెళ్తున్నానని, దారే కదా అని ఎక్కించుకున్నాడు. వాడికి దారి కానిది ఏదీ ఉండదు.

మూతపడ్డ రైసుమిల్లు గోదాములో ఆ డాక్టరమ్మ ప్రయోగశాల. పేరు సువర్చల. సన్నటి మనిషి, జుట్టులో పెన్సిలు. బల్ల మీద రెండు పట్టీలున్నాయి. రక్తపోటు చూసేటప్పుడు జబ్బకి కట్టే పట్టీ లాంటివే, కాకపోతే ఒక్కోదానికీ చిన్న దీపం ఉంది. పేరు ఇంగ్లీషులో ఏదో పొడుగ్గా చెప్పింది. అక్కడి అటెండరు దానయ్య మాత్రం దాన్ని కావడి అంటున్నాడు.

డాక్టరమ్మ ఒక పట్టీ తను కట్టుకుంది, రెండోది దానయ్యకి కట్టింది. స్విచ్ వేసి, ఒక ఇటుక చేత్తో పట్టుకుని చెయ్యి చాపి నిలబడింది. ఎంతసేపైనా ఆవిడ మొహంలో మార్పు లేదు, మాతో కబుర్లు చెబుతోంది. గోదాము అవతలి చివర స్టూలు మీద ఖాళీ చేతులతో కూర్చున్న దానయ్యకి చెమటలు పట్టాయి.

"మేడంగారూ, ఇంక దింపండి తల్లీ. జబ్బ ఊడొచ్చేత్తంది."

దింపింది. దానయ్య ఊపిరి పీల్చుకున్నాడు.

"మరి ఈ నొప్పిని అసలుకే లేకుండా చెయ్యలేరాండీ?" అనడిగింది మంగతాయారు.

"చూశానమ్మా. ఇసకబస్తాకి పంపాను, నీళ్ళడ్రమ్ముకి పంపాను. వెళ్ళలేదు. మనిషి కండలో నొప్పి మనిషి కండలోకే వెళ్తుంది."

నాకు వెంటనే అర్థమైంది. కాలవ నీళ్ళ సంగతే. నీ చేలో వద్దనుకుంటే పక్కవాడి చేలోకి గండి కొట్టాలి గాని, నీళ్ళని మాయం చెయ్యలేవు.

"నాకు కట్టండి" అని మంగతాయారు జబ్బ చాపింది. ఇంకో మాట లేదు. నాకో పట్టీ, ఆవిడకో పట్టీ కట్టారు. కట్టీకట్టగానే ఆవిడ పట్టీ మీద దీపం ఎర్రగా వెలిగింది. పక్కనున్న మీటరులో ముల్లు చివరిదాకా పోయి అక్కడే వణుకుతూ నిలబడింది.

"చూశారాండీ, చూశారా!" అన్నాను నేను. "ఎన్నాళ్ళుగానో చెబుతున్నాను, ఒక్కరూ నమ్మలేదు. నా నొప్పికి ముల్లే చాలలేదు!"

డాక్టరమ్మ ముల్లు వంక చూసింది, నా వంక చూసింది.

"నేనింకా స్విచ్ వెయ్యలేదండి. ఇది మీ ఆవిడగారి సొంత నొప్పి."

మంగతాయారుకి మాత్రం ఆశ్చర్యం ఏమీ లేదు.

"రోజూ ఉండేదేనండి. నడుమూ మోకాళ్ళూను. మీరు స్విచ్ వేసేయండి, పరవాలేదు."

"కుదరదమ్మా. మీకు నిండిపోయింది. ఎర్రదీపం వెలిగినవాళ్ళ మీద ఇంకా వెయ్యకూడదు, ప్రమాదం." ఆవిడ మా ముగ్గురినీ చూసి, "పోనీ ఈవిడ నొప్పిలో కొంత ఎవరైనా తీసుకుంటారా?" అనడిగింది. నేను పైన తిరిగే ఫ్యాను వంక చూశాను. ఏడుకొండలు కూడా ఆ ఫ్యానునే చూస్తున్నాడు. దానయ్య టీ తెస్తానని వెళ్ళిపోయాడు. నా మట్టుకు నేను మీటరు చెడిపోయిందనే అనుకున్నాను.

తిరుగుదారిలో ఏడుకొండలు వ్యాను ఆపి గొంతు సవరించుకున్నాడు.

"బావా, నేను కట్టుకుంటాను."

నా కళ్ళు చెమర్చాయి. వాడి చెయ్యి పట్టుకోబోయాను.

"అయితే బావా, నొప్పి నీది, కండ నాది. ఒకడి చేను ఇంకోడు వాడుకుంటే కౌలు కట్టట్లేదా? మరి కండకి కౌలుండదా?"

"ఏమిటిరా నీ కౌలు?"

"ఆ కాలవగట్టు ముక్క ఊరికే పడుంది కదా. నా చెరువుకి నీటిదారి అయిపోద్ది."

"ఊరికే పడుందా? అందులో కాపుకొచ్చిన చెట్లున్నాయిరా!"

"చెట్లు ముఖ్యమా బావా, పిక్కలు ముఖ్యమా?"

మంగతాయారు వెనకసీటు లోంచి వాడి నెత్తిన ఒకటిచ్చింది. "సిగ్గులేదురా నీకు? బావ దగ్గర కౌలా?"

"సిగ్గుకేముందక్కా, రేపు రొయ్యకి రోగమొత్తే సిగ్గు కాపాడుద్దా?"

నేను ఆలోచిస్తానన్నాను. ఆ రాత్రి నా పిక్కలు నా తరఫున ఆలోచించేశాయి. వారం తిరక్కుండా రిజిస్ట్రారు ఆఫీసులో సంతకం పెట్టాను. దస్తావేజు రాసే ఆయన "ఏమని రాయమంటారు?" అంటే, ఏడుకొండలే "దానమని రాయండి, ఖర్చు తక్కువ" అన్నాడు. ఆయన దాన్ని గడగడా చదివేసి నా ముందు పెట్టాడు.

మర్నాడు భీమవరంలో పట్టీలు కట్టి పంపుతూ డాక్టరమ్మ నాకొక మాట చెప్పింది. "ఒంటికి కష్టమైన పనులు పెట్టుకోకండి తాతారావుగారూ. నొప్పి అంటే ఒంటికి కాపలా. ఇప్పుడు ఆ కాపలావాడు మీ దగ్గర లేడు. మీరు చేసే ప్రతి పనీ మీకు తెలియదు, అవతలి మనిషికి తెలుస్తుంది." నేను బుద్ధిగా తలూపాను. ఆ మాట మాత్రం చెప్పకుండా ఉండాల్సింది ఆవిడ.

నొప్పి లేని ఒళ్ళు ఎలా ఉంటుందో చెప్పడం కష్టం. ఇంట్లో చుట్టాలందరూ వెళ్ళిపోయాక ఉంటుందే, అలా ఉంటుంది. మాత్రలు వేళకి వేసుకున్నాను. దిగులూ లేదు, నొప్పీ లేదు. పొద్దున్నే ఈల వేసుకుంటూ తోటకెళ్ళేవాణ్ణి. మంగతాయారు నన్ను చూసి నవ్వుకునేది.

ఏడుకొండలు మాత్రం ఊళ్ళో కుంటుకుంటూ తిరిగాడు. మా ఇంటి ముందుకొచ్చేసరికి కుంటు రెండు కాళ్ళకీ వచ్చేది. టీకొట్టు దగ్గర బల్ల మీద చాప పరిచి వాణ్ణి పడుకోబెట్టారు. "అబ్బా బావా, దవడ కూడా లాగుతుందని చెప్పలేదేంటి బావా" అని మూలిగేవాడు. జనం అయ్యో పాపమని వాడికి కొబ్బరిబొండాలు కొట్టి ఇచ్చేవారు. ఆ బొండాలు నా తోటవే. "నీ బావమరిది దేవుడు తాతారావూ" అన్నాడు బులిరాజు. నాకు ఒళ్ళు మండింది. భూమి పుచ్చుకున్నవాడు దేవుడా, ఇచ్చినవాడు దెయ్యమా?

అప్పుడు డాక్టరమ్మ మాట గుర్తొచ్చింది. కౌలు కట్టేశాను. కౌలు కట్టినవాడు పంట తియ్యాలి కదా.

మర్నాడు ఒలిచేవాళ్ళని రావద్దన్నాను. నేనే గునపం పాతుకుని చీకటి పడేదాకా ఒలిచాను. ఒక్కో కాయ గునపానికి గుచ్చి మెలి తిప్పినప్పుడల్లా "ఇదిగోరా నీ తూము, ఇదిగోరా నీ నీటిదారి" అనుకున్నాను. ఎంత హాయి! ఆ మర్నాడు బస్తాలు లారీకెక్కించాను, కూలీలు నోరు తెరుచుకుని చూస్తుంటే. నిచ్చెన అక్కర్లేకపోయినా ఎక్కి దిగాను. పని లేని రోజున ఊరికే ఇంట్లో రోలు ఎత్తి ఇటు పెట్టి, మళ్ళీ ఎత్తి అటు పెట్టాను.

"ఎందుకండీ అది?" అంది మంగతాయారు గుమ్మానికి ఆనుకుని.

"ఊరికే మంగా. ఒంట్లో ఓపికుంది."

"రేపు కూడా ఉంటుందాండీ ఓపిక?"

"ఉంటుంది. ఎల్లుండి కూడా ఉంటుంది!"

ఆవిడ గుమ్మం పట్టుకుని లోపలికి నడిచింది. ఈమధ్య చీర మీద నా పాత పొడుగుచేతుల చొక్కా వేసుకుని తిరుగుతోంది. పొలాలకెళ్ళే ఆడవాళ్ళు ఎండకి అలా వేసుకుంటారు. ఇంట్లో ఎండేమిటని నాకు తట్టలేదు. ఏడుకొండలు ఎలా మెలికలు తిరుగుతున్నాడా అన్న ధ్యాసలో నాకింకేదీ తట్టలేదు.

అమ్మవారి జాతర వచ్చింది. మా ఊళ్ళో గరగలు ఎత్తుతారు. గరగ అంటే అమ్మవారి కుండ, పైన ఇత్తడి పడగలతో బరువుగా ఉంటుంది. దాన్ని నెత్తిన పెట్టుకుని డప్పులకి తగ్గట్టు ఊరంతా ఆడుతూ తిరగాలి. కుర్రాళ్ళే ఒక వీధి ఆడి మార్చుకుంటారు. నేను ముందుకెళ్ళి ఎత్తుకున్నాను. ఒక వీధి ఆడాను. "ఇటివ్వండి బాబాయ్" అన్నా ఇవ్వలేదు. ఇంకో వీధి ఆడాను. మోకాళ్ళ మీద ఆడాను, గిర్రున తిరుగుతూ ఆడాను. అమ్మవారు పూనిందని ఆడవాళ్ళు నా కాళ్ళ మీద పసుపునీళ్ళు పోశారు. నాకు పూనింది ఏడుకొండలు. ఏ గట్టు మీద పడి పొర్లుతున్నాడో చూసుకోవాలని జనంలో కళ్ళతో వెతికాను.

కనిపించాడు. డప్పులవాళ్ళకి ముందు, బనీనుతో, నోట్లో వేలు పెట్టి ఈల వేస్తూ, నాకంటే ఎత్తుకి ఎగురుతున్నాడు. రెండు జబ్బలూ ఖాళీగా మెరుస్తున్నాయి.

గరగ పక్కవాడి నెత్తికి మార్చి వెళ్ళి వాడి మెడ పట్టుకున్నాను.

"పట్టీ ఏదిరా?"

"అరవకు బావా, జాతరలో. కౌలుకిచ్చాను."

"కౌలుకా! నువ్వు పుచ్చుకున్నదే కౌలుకి కదరా!"

"పుచ్చుకున్నోడే దున్నాలని ఎక్కడుంది బావా? మన ఊళ్ళో ఎవరు దున్నుతున్నారు? నాలుగు రోజులు మోశాను. నా వల్ల కాలేదు, ఇప్పేత్తానన్నాను. ఇప్పితే నీకు నొప్పి మళ్ళీ వచ్చేత్తదని, నువ్వు మాత్రలు మానేత్తావని…" వాడు ఆగాడు. వాడి మొహంలో మొదటిసారి నవ్వు పోయింది. "నేను అడగలేదు బావా. తనే లాక్కుని కట్టుకుంది."

"ఎవరు?"

"అక్క."

ఇంటికేసి పరుగెత్తాను. గుడి దాటాను, కాలవ వంతెన మీదికి వచ్చాను. అప్పుడు తట్టింది, ఈ పరుగు ఎవరి పిక్కలతో పరుగెత్తుతున్నానో. ఠక్కున ఆగిపోయాను. పాదం కదపడానికి భయమేసింది. పిల్లిలా మునివేళ్ళ మీద రెండడుగులు వేశాను. మునివేళ్ళ మీద నడిస్తే పిక్కలు ఇంకా లాగుతాయని గుర్తొచ్చి మళ్ళీ ఆగాను. గాలి పీల్చడానికి కూడా ఆలోచించాను. దారిన పోయేవాళ్ళు ఇంకా పూనకం దిగలేదనుకుని దండం పెట్టుకుంటున్నారు.

నా జబ్బకున్న పట్టీ పీకేశాను.

అన్నీ ఒక్కసారే వచ్చాయి. గరగ, బస్తాలు, కాయలు, రోలు. ఇన్నాళ్ళూ కాపలా లేని ఒంట్లో నేను చేసిన విధ్వంసమంతా కాపలావాడు వచ్చి ఒకేసారి లెక్క అడిగినట్టయింది. వంతెన మీద బోర్లా పడ్డాను. దవడ కూడా బిగుసుకుపోయి, అరవడానికి కూడా వీల్లేకపోయింది. బులిరాజు సైకిలు మీద వస్తూ చూసి ఆగాడు.

"ఏంటి తాతారావూ, ఏమైంది? ఈసారైనా కారణం చెప్తావా?"

"నా నొప్పి నాకొచ్చింది" అన్నాను పళ్ళ మధ్యలోంచి. నన్ను వెనకాల ఎక్కించుకుని, దారంతా "అదేం కారణం, అదేం కారణం" అని సణుగుతూ ఇంటి ముందు దింపాడు.

సందెచీకటి పడింది. మంగతాయారు గుమ్మం మెట్టు మీద కూర్చుని ఉంది. చొక్కా చెయ్యి పైకి మడిచి, జబ్బ కేసి చూసుకుంటోంది. గుడ్డ చుట్టి దాచిన దీపం ఇంకా ఎర్రగానే ఉంది. నాది పంపడం ఆగినా, ఆవిడది ఆవిడకి ఉంది కదా.

"గరగ దించేశారాండీ?" అంది. "ఇప్పుడే మెడ తేలికయ్యింది. మూడో వీధిలో మోకాళ్ళ మీద ఆడారు కదూ?"

నేను మెట్టు మీద కూలబడ్డాను.

"నీకెలా తెలుసు?"

"తెలియకపోవడమేంటండీ? మీరు కాయలు ఒలిచింది తెలిసింది, బస్తాలు మోసింది తెలిసింది. పెళ్ళైన ఇన్నేళ్ళలో మీరు పగలంతా ఏం చేత్తారో ఇప్పుడే తెలిసింది నాకు. రోలు మాత్రం ఎందుకెత్తారో అర్థం కాలేదు."

"పిచ్చిదానా, విప్పెయ్యకపోయావా! నీకు కట్టకూడదని చెప్పింది కదా ఆవిడ!"

"విప్పేద్దామనే అనుకున్నానండి. మీరేమో ఈల వేసుకుంటున్నారు." పట్టీ విప్పి మెట్టు మీద పెట్టింది. "కాకపోతే అంత కాయ ఒలిచేరోజు ముందే ఒక మాట చెప్పుంటే అన్నం పెందరాళే వార్చుకునేదాన్ని. గంజి వార్చడానికి చేతులు లేవలేదండి."

ఆ మాటకి నేను ఏడ్చాను. ఆవిడ కంగారుపడి, మళ్ళీ దిగులు వచ్చిందేమోనని నా నుదురు పట్టుకు చూసింది. దిగులు కాదు మంగా, ఇది కారణమున్న ఏడుపు అని చెప్పాను.

పట్టీలు భీమవరం తీసుకెళ్ళి ఇచ్చేశాం. సువర్చలమ్మ అంతా విని, ఆ రెండు పట్టీలనూ చేతిలోకి తీసుకుంది. "మోసేవాళ్ళ మీదే వేసే యంత్రం చేశాను" అని, దానయ్యని పిలిచి బీరువాలో పెట్టి తాళం వేయించింది. తర్వాత నన్నడిగింది.

"మీకు మాత్రలిచ్చిన డాక్టరుగారు ఈ నొప్పుల గురించి ఏమన్నారండీ?"

"ఏమీ అనలేదండి."

"ఎందుకని?"

"నేను చెప్పలేదండి. ఆయన అడగలేదు."

దానయ్య బీరువా దగ్గర దగ్గాడో నవ్వాడో నాకు తెలియలేదు.

ఆ సాయంత్రమే నర్సాపురం వెళ్ళాం. జోసెఫ్ గారు పిక్కలు నొక్కి చూశాడు, రక్తపరీక్ష రాశాడు, మాత్ర వల్ల కావచ్చు, ఒంట్లో లోపం వల్లా కావచ్చు, రెండూ కలిసీ కావచ్చు అన్నాడు. మీ అంతట మీరు మాత్రం మానొద్దు, నేనే మెల్లగా మారుస్తాను అన్నాడు. మార్చాడు. వేన్నీళ్ళు, పొద్దున్నే నడక చెప్పాడు. ఇప్పుడు రెండు వేల కాయల నొప్పి రెండొందల కాయలకి దిగింది. అంత నొప్పి నేను మొయ్యగలను. లేవబోతుంటే ఆయన్ని ఆపి, "మా ఆవిణ్ణి కూడా చూడండి సార్, నడుమూ మోకాళ్ళూ" అన్నాను. మంగతాయారు నా వంక, నేనెవరో కొత్తవాణ్ణన్నట్టు చూసింది. ఆవిడకీ వేరే డాక్టరు దగ్గరికి చీటీ రాశాడు. సాయంత్రాలు ఆవిడ పిక్కలు నేను నొక్కుతాను, నా భుజాలు ఆవిడ నొక్కుతుంది. దానికి పట్టీ అక్కర్లేదు. రోలు మాత్రం నన్ను ముట్టుకోనివ్వదు.

ఇక ఏడుకొండలు. భూమి తిరిగి రాయమని వెళ్ళాను. వాడు దస్తావేజు తెచ్చి నా ముందే బులిరాజు కూతురు చేత చదివించాడు.

"'మా బావమరిది మీద గల ప్రేమాభిమానములతో' అని ఉంది బాబాయ్. నొప్పి అని ఎక్కడా లేదు."

"చూశావా బావా" అన్నాడు వాడు. "నువ్వే రాసిచ్చావు, ప్రేమతో."

అక్క కోసమైనా ఇమ్మన్నాను. తల దించుకున్నాడు, జబ్బ తడుముకున్నాడు, ఇంజను ఆపేసి చాలాసేపు నిలబడ్డాడు. మళ్ళీ స్టార్ట్ చేశాడు. మర్నాడు అక్కకి కిలో రొయ్యలు పంపాడు. వండింది. బాగానే ఉన్నాయి. రుచి తెలియడం మాత్ర చలవ.

నేను పోగొట్టుకున్నది కాలవగట్టున పద్దెనిమిదిన్నర సెంట్లు, కాపు మీదున్న కొబ్బరిచెట్లు పదకొండు, అందులో ఒకటి తియ్యటి నీళ్ళ గంగాబొండం.